పాత ఫైబర్ పడవల రంగు తీయుట, నున్న చేయుట

(కొల్లేటి ప్రాంతపు చేపల రైతుల శిక్షణా సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



చేపల చెరువులను గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడు మేము సాధారణముగా పిల్లల ఎంపిక, మేత, నీటి గుణము, తెగుళ్లు అను విషయములనే చెప్పుచుందుము. పడవను గూర్చి చెప్పువారు అరుదు. కాని ఆలోచించి చూడండి. తెల్లవారుజామున తవుడు సంచులను చెరువులోనికి మోసుకొని పోవునది పడవ. వెదురు గడలకు ఆ సంచులను కట్టుట పడవలో నిలబడియే. సున్నము చల్లవలెనన్నను, మందు చల్లవలెనన్నను, వల లాగుటకు ముందు గడలు పీకవలెనన్నను పడవ కావలసినదే. నాగలి లేని సేద్యము ఎట్టిదో పడవ లేని చేపల పెంపకము అట్టిది.

అంతేకాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి దారులు మునిగిన దినములలో ఇంటిల్లిపాదిని మెరకకు చేర్చునది కూడ ఈ పడవయే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినది. ఆ ఏటి నీరు చివరకు కొల్లేటికే దిగునని మీకు తెలియనిది కాదు. అటువంటి సమయమున అడుగు పలుచబడిన పడవలో పిల్లలను ఎక్కించుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

కాబట్టి పాత ఫైబర్ పడవకు క్రొత్త రంగు వేయుటకు ముందు, పాత రంగును ఏ విధముగా గీకి తీయవలెనో, ఎట్లు రుద్ది నున్న చేయవలెనో ఈనాడు మనవి చేసెదను. నేను చెప్పదలచినదంతయు ఒక్క మాటలో ఉన్నది. రంగును తీయండి, పడవను తీయకండి.

ఒక చెరువు వద్ద జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో నేను చూచిన సంగతి చెప్పెదను. ఒక రైతు వద్ద చాల కాలము వాడిన ఫైబర్ పడవ ఉన్నది. దానిపై నాలుగైదు మారులు రంగు వేసినారు. అది పొక్కులు పొక్కులుగా లేచిపోవుచున్నది. ఆ రైతు ఇనుప గేట్లు చేయు చోటి నుండి గ్రైండరు మిషను తెప్పించి, ఒక యువకునికి అప్పగించినాడు. ఉదయము మొదలు పెట్టిన పని సాయంత్రమునకు పూర్తి అయినది. నేను పోయి చూచునప్పటికి పడవ తెల్లగా ఉన్నది. అందరును పని బాగుగా జరిగినదనుచున్నారు. అడుగుభాగమును తడిమి చూడగా అరచేతికి గాజు నార గుచ్చుకొన్నది. పడవ ప్రాణము సగము పోయినదని నాకు అప్పుడే తోచినది. కాని రంగు వేయుట అప్పటికే ప్రారంభమైనది. పనివారు ఎదురుచూచుచున్నారు. రెండు పూతలు మందముగా వేసిన సరిపోవునులే అని నేనును ఊరకుంటిని.

రెండు నెలలు గడచిన పిమ్మట, నిండుగా మేత సంచులు వేసుకొని చెరువు నడుమకు పోయినప్పుడు ఆ పడవ అడుగున ఒక ప్రక్క చీలిపోయినది. పడవలో ఇద్దరు ఉన్నారు. ఒకరికి ఈత రాదు. చేతికి అందిన వెదురు గడను పట్టుకొని, వేరొక పడవ వచ్చువరకు అతడు ప్రాణములు నిలుపుకొన్నాడు. ఆ గడ అక్కడ లేకున్న ఏమయ్యెడిదో మీరే ఊహించవచ్చును. మిషను పట్టిన యువకుడు ఒళ్లంతయు దురదతోను, దగ్గుతోను చాల దినములు బాధపడినాడు. ఆనాడు నేను ఒక్క మాట గట్టిగా చెప్పి ఉండవలసినది. చెప్పలేదు. అందువలననే ఈ విషయమును ఇప్పుడు ఇంత వివరముగా చెప్పుచున్నాను.

ఈ పొరపాటు ఎందుకు జరుగుచున్నది?

మన కొల్లేటి ప్రాంతమువారు పడవలకు క్రొత్తవారు కారు. తాటి మానును తొలిచి దోనెగా చేసుకొనుట, రెండు దోనెలను కలిపి సంగడిగా కట్టుకొనుట మన పెద్దలు ఎరిగిన విద్యలు. తరువాత చెక్క నావలు, ఇనుప రేకు పడవలు వచ్చినవి. చెక్కకు బాడిసెతో ఒక పొర చెక్కివేసినను ముప్పు లేదు, క్రింద ఇంకను చెక్కయే ఉండును. ఇనుమునకు పట్టిన త్రుప్పును సుత్తితో కొట్టి రాల్చవచ్చును, మంటతో రంగును కాల్చవచ్చును. ఈ రెండు అలవాట్లను మనము ఫైబర్ పడవకు కూడ పట్టించుచున్నాము. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఫైబర్ పడవ నిర్మాణము వేరు. గాజును సన్నని నారగా తీసి చాపవలెను, గుడ్డవలెను తయారు చేయుదురు. ఆ చాపలను అచ్చులో పరచి, పాలియెస్టరు రెజిన్ అను జిగురుతో తడిపి, పొర మీద పొరగా గట్టిపరచుదురు. బలమంతయు గాజు నారలో ఉన్నది. నారను పట్టి ఉంచునది జిగురు. ఈ రెండింటిని నీటి నుండి కాపాడుటకు వెలుపల జెల్‌కోటు అను నున్నని పూత ఉండును. దాని మందము సుమారు అర మిల్లీమీటరు, అనగా ఐదు కాగితములు ఒకదానిపై నొకటి పెట్టినంత. దాని వెనుక ఉన్న పడవ గోడ కూడ చిన్న పడవలలో కొద్ది మిల్లీమీటర్లే. గ్రైండరు బిళ్ల ఒక్క చోట నాలుగు క్షణములు నిలిచినచో ఈ ఐదు కాగితములు పోయి నార బయటపడును. ఆ నార వెంబడి నీరు లోనికి ప్రాకును. జిగురు క్రమముగా పట్టు వదలును.

తాడేపల్లిగూడెం పరిసరములలో బియ్యపు మిల్లులను చూడనివారు లేరు. ధాన్యమునకు ఊక పోవలెను. కాని పాలిషు మితిమీరినచో తవుడంతయు పోయి, గింజ విరిగి నూకయగును. పడవపై రంగు ఊక వంటిది. జెల్‌కోటు గింజను కాపాడు పొర వంటిది. ఎక్కడ ఆపవలెనో తెలిసినవాడే నిపుణుడు.

ముందుగా పరీక్ష చేయవలెను

ప్రతి పాత పడవకును రంగు పూర్తిగా తీయనక్కరలేదు. పాత రంగు గట్టిగా పట్టి ఉన్నచో, సబ్బుతో కడిగి, పైపైన రుద్ది, దానిపైననే క్రొత్త రంగు వేయవచ్చును. దీనికి సులభమైన పరీక్ష కలదు. పదునైన బ్లేడుతో రంగు మీద మాత్రమే పడునట్లు అడ్డముగాను, నిలువుగాను నాలుగేసి సన్నని గాట్లు పెట్టి, దానిపై అంటు టేపును గట్టిగా అతికించి ఒక్కసారి లాగవలెను. గళ్లలోని రంగు టేపుతో కూడ లేచివచ్చినచో పాత రంగును తీయవలసినదే. లేచిరానిచో ఆ శ్రమ అనవసరము.

తరువాత పడవను బోర్లించి, చెక్క పిడితో గాని, ఒక నాణెముతో గాని జానెడు జానెడు దూరమున తట్టుచు వినవలెను. గట్టిగా ఉన్న చోట ఖంగుమని పలుకును. పొరలు విడిపోయిన చోట డొల్ల పలుకు పలుకును. అటువంటి చోట్ల సుద్దతో గురుతు పెట్టుకొనవలెను. సాలెగూడు వంటి సన్నని పగుళ్లకు, పొక్కులకు కూడ గురుతులు పెట్టవలెను. పొక్కును చిదిపినప్పుడు పుల్లని ఘాటు వాసన గల ద్రవము వచ్చినచో, నీరు జెల్‌కోటు దాటి లోనికి పోయినదని తెలిసికొనవలెను. అట్టి పడవను ఎక్కువ కాలము ఆరబెట్టవలసి ఉండును.

అడుగున కాలితో త్రొక్కినప్పుడు మెత్తగా లోనికి దిగుచున్నచో గాని, పడవ మునుపటికంటె మిక్కిలి బరువెక్కినచో గాని, రంగు మీద ఖర్చు పెట్టవద్దు. ముందుగా ఫైబర్ పని తెలిసినవానికి చూపండి. లోపము లోపల ఉండగా పైన రంగు వేయుట పుచ్చిన దూలమునకు సున్నము కొట్టుట వంటిది.

కాలము, స్థలము

ఈ పనికి వేసవి అనుకూలము. పట్టుబడి అయి, చెరువు ఎండగట్టు దినములలో పడవకు కూడ విశ్రాంతి దొరకును. తొలకరి పడకముందే పని ముగియునట్లు చూచుకొనవలెను. పడవను గట్టుపైకి తెచ్చి కనీసము రెండు వారములు ఆరనీయవలెను. ఎండుగడ్డి కూరిన గోనె సంచులపై గాని, పాత టైర్లపై గాని బోర్లించినచో అడుగు క్రింద గాలి ఆడును, పడవ వంకరపోదు.

పని చేయు చోటు చెట్టు నీడన గాని, పాక నీడన గాని ఉండవలెను. కాలిన పడవపై నీరు నిలువదు, చేయి నిలువదు. మేత నిలువ చేయు గది, పశువుల పాక, వంటిల్లు, త్రాగునీటి బావి దగ్గరలో ఉండరాదు. పిల్లలు ఆడు చోటు అసలే పనికిరాదు. చెరువు గట్టు అంచున గాని, కాలువ ఒడ్డున గాని ఈ పని పెట్టుకొనరాదు. క్రింద వెడల్పైన టార్పాలిను పరచి, నాలుగు ప్రక్కల అంచులను ఇటుకలతో కొంచెము ఎత్తు చేయవలెను. రాలిన పొట్టు, కారిన నీరు అందులోనే నిలువవలెను.

కడుగుట

గీకుటకు ముందు కడుగుట ముఖ్యము. అనేకులు దీనిని విడిచిపెట్టుదురు. పడవ అడుగున పాచి, నత్త గుల్లలు, మేత జిడ్డు, ఇంజను నూనె పట్టి ఉండును. జిడ్డు మీద రుద్దినచో ఆ జిడ్డు గీతలలోనికి పోయి కూర్చుండును. తరువాత ఎంత ఖరీదైన రంగు వేసినను అక్కడ పట్టదు. అందుచేత నత్త గుల్లలను చెక్క ముక్కతో రాల్చి, సబ్బు నీటితోను, కొబ్బరి పీచుతోను బాగుగా తోమి, మంచి నీటితో రెండు మారులు కడుగవలెను. ఆరిన పిమ్మట నూనె మరకలున్న చోట థిన్నరుతో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే వేరొక పొడి గుడ్డతో తుడువవలెను. ఒకే గుడ్డతో తుడిచినచో జిడ్డు ఒక చోటి నుండి వేరొక చోటికి పోవునే గాని పడవను విడిచిపోదు. థిన్నరు దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

గీకుట

పాత రంగులో ఎక్కువ భాగమును గీకియే తీయవలెను. రుద్దుట దాని తరువాతి పని. గీకిన రంగు పొట్టుగా రాలును, రుద్దిన రంగు ధూళిగా లేచును. పొట్టును ఎత్తివేయవచ్చును, ధూళిని పట్టుకొనలేము. కనుక గీకుట ఎంత బాగుగా జరిగినచో రుద్దుట అంత తగ్గును.

గోడలకు లప్పము పెట్టు రేకు వంటి వెడల్పైన రేకు ఈ పనికి చాలును. దాని అంచు పదునుగా, తిన్నగా ఉండవలెను. కాని రెండు మూలలను ఆకురాయితో గుండ్రముగా అరగదీయవలెను. మూలలు వాడిగా ఉన్నచో జెల్‌కోటులో గాట్లు పడును. రేకును నిలువుగా పట్టక, పడవపై బాగుగా వాల్చి, పొక్కిన రంగు క్రిందికి అంచును పోనిచ్చి మెల్లగా నెట్టవలెను. రేకు మొద్దుపోయినచో బలము ఉపయోగింపక, ఆగి పదును పెట్టవలెను. మొద్దు రేకు, ఎక్కువ బలము, ఈ రెండును కలిసినప్పుడే గాట్లు పడును.

మొదట అరచేయంత చోట మాత్రము గీకి చూడవలెను. ఎన్ని పొరల రంగు ఉన్నది, ఏ రంగు తరువాత ఏది వచ్చినది, చివరకు జెల్‌కోటు ఏ రంగున ఉన్నది అను సంగతులు తెలియును. ఆ చిన్న చోటును పని అంతయు ముగియు వరకు గురుతుగా ఉంచుకొనవలెను. పనివానికి దానిని చూపి, "ఈ రంగు కనిపించగానే ఆపవలెను" అని చెప్పవలెను. ఈ ఒక్క జాగ్రత్త అనేక పడవలను కాపాడును.

వాడరానివి

మొదటిది మంట. కిరసనాయిలు దీపముతో గాని, గ్యాసు మంటతో గాని రంగును కాల్చరాదు. రెజిన్ వేడికి మెత్తబడును, మంటకు అంటుకొనును. ఆ పొగ పీల్చదగినది కాదు.

రెండవది కాస్టిక్ సోడా. ఇనుప సామానుల రంగు తీయుటకు దీనిని వాడుదురు. కాని అది పాలియెస్టరు జిగురును కూడ తినివేయును.

మూడవది ఇనుమునకు, చెక్కకు వాడు రంగు తీయు మందులు. రంగును ఉబ్బించు ద్రావకము జెల్‌కోటును కూడ మెత్తబరచును. ఫైబరునకు పనికివచ్చునని డబ్బా మీద స్పష్టముగా వ్రాసి ఉన్నదానిని తప్ప మరి దేనిని పూయరాదు.

నాలుగవది గ్రైండరు మిషను. రంగు తీయుటకు దానిని ముట్టవద్దు. మరమ్మతు చేయు నిపుణుడు విరిగిన చోట మాత్రము దానిని వాడును. అది వేరు సంగతి.

రుద్దుట

గీకిన పిమ్మట మిగిలిన రంగు మరకలను ఉప్పుకాగితముతో రుద్ది తీయవలెను. ఇందుకు సాధారణ ఉప్పుకాగితము కంటె నీటిలో నానినను చెడని నల్లని వాటర్ పేపరు శ్రేష్ఠము. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణములలో మోటారు బండ్ల రంగు సామగ్రి అమ్ము దుకాణములలో అది దొరకును. కాగితము వెనుక ఒక సంఖ్య ఉండును. సంఖ్య చిన్నదైన కొలది గరుకు, పెద్దదైన కొలది నునుపు. మన పనికి మూడు రకములు చాలును. మిగిలిన రంగు తీయుటకు 80, దాని గీతలు పోవుటకు 120, రంగు పూతల నడుమ తేలికగా రుద్దుటకు 220. 80 కంటె గరుకైనది వాడరాదు. 80 నుండి ఒక్కసారిగా 220కి పోవరాదు. లోతు గీతలు అట్లే మిగిలిపోయి రంగు వేసిన పిమ్మట బయటపడును.

కాగితమును ఒట్టి వ్రేళ్లతో పట్టుకొని రుద్దినచో వ్రేళ్ల క్రింద గాడులు పడును. అరచేతిలో ఇముడు చెక్క ముక్కకు పాత రబ్బరు చెప్పు అట్టను అతికించి, దానికి కాగితమును చుట్టవలెను. తిన్నని భాగములకు ఇది మంచి సాధనము. వంపు తిరిగిన చోట చెప్పు అట్టను మాత్రమే వాడవలెను. పడవ ముక్కు, అంచులు, అడుగు మూలలు ఉన్న చోట జెల్‌కోటు త్వరగా అరిగిపోవును. ఆ చోట్లను చివరకు ఉంచుకొని, చేతితో రెండు మూడు మారులు మాత్రము తేలికగా రుద్దవలెను.

కాగితమును నీటిలో ముంచి, పడవపై కూడ నీరు చిలుకరించి, మూరెడు చదరము చొప్పున భాగములు చేసికొని రుద్దవలెను. ఒకే దిక్కున గాక, ఏటవాలుగా ఒకసారి, దానికి అడ్డముగా మరొకసారి రుద్దవలెను. కాగితము పేరుకొన్నప్పుడు బక్కెట్టులో జాడించవలెను. కారు నీటిని గమనింపుచుండవలెను. రంగు నీరు వచ్చునంతవరకు మీరు పాత రంగును తీయుచున్నారు. నీరు జెల్‌కోటు రంగుకు మారగానే ఆ భాగమున పని ముగిసినది. అక్కడ చేయి ఆపవలెను. సన్నని నార గాని, చాప నేత గాని కనిపించినచో ఆపవలసిన చోటు దాటిపోయినదని గ్రహించి, ఆ చోటును సుద్దతో గురుతు పెట్టవలెను.

120 కాగితము పట్టుటకు ముందు ఇంకొక చిట్కా. ఆరిన పడవపై పెన్సిలుతో అడ్డదిడ్డముగా తేలిక గీతలు గీయండి. గీతలన్నియు సమముగా పోవునంతవరకే రుద్దండి. గీతలు ముందుగా పోయిన చోటు ఎత్తు, నిలిచిన చోటు పల్లము. పల్లమును లప్పముతో నింపవలెను గాని, ఎత్తును దానికి దించుటకు ప్రయత్నింపరాదు.

నీరు, విద్యుత్తు కలువరాదు. తడిగా రుద్దునప్పుడు చేతి పనియే చేయవలెను. ఏరియేటరు తీగెల నుండి నీటిలోనికి విద్యుత్తు ప్రాకినచో ఏమగునో మీకు తెలియును. తడి టార్పాలినుపై నిలబడి విద్యుత్తు మిషను పట్టుటయు అటువంటిదే. పడవలు ఎక్కువ ఉన్నవారు ధూళిని పీల్చుకొను సంచి గల రుద్దు మిషను వాడదలచినచో, పొడి పడవపై, పొడి నేలపై, నెమ్మది వేగముతో మాత్రమే వాడవలెను.

పని చేయు మనిషి

ఇంతవరకు పడవ చర్మమును గూర్చి చెప్పితిని. ఇక మనిషి ఊపిరిని గూర్చి చెప్పవలసి ఉన్నది. ఇది అంతకంటె ముఖ్యము.

గాజు నార ముక్కలు చర్మమున గ్రుచ్చుకొని దురద పెట్టును. కండ్లలో పడినచో మంట పుట్టును. రెజిన్ ధూళి, రంగు ధూళి కంటికి కనిపించనంత సన్ననివి. అవి ఊపిరితిత్తులలోనికి పోవును. మూతికి తువ్వాలు చుట్టుకొన్నచో చాలునని మనవారు అనుకొందురు. తువ్వాలు పెద్ద దుమ్మును ఆపునే గాని సన్నని ధూళిని ఆపదు. 2020లో కరోనా కాలమున అందరకును పరిచయమైన ఎన్-95 మాస్కును ముక్కు వద్ద నొక్కి, ప్రక్కల సందు లేకుండ పెట్టుకొనవలెను. గడ్డము పెరిగి ఉన్నచో మాస్కు అంటుకొనదు. కండ్లకు అద్దములు, పొడుగు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు ఉండవలెను.

పని ముగిసిన పిమ్మట చర్మమును రుద్దకుండ ముందు చన్నీళ్లు ధారగా పోసికొని, తరువాత సబ్బుతో స్నానము చేయవలెను. ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతుకరాదు. ఆ బట్టలతో పిల్లలను ఎత్తుకొనరాదు. చేతులు కడుగకుండ అన్నము తినరాదు, బీడీ త్రాగరాదు.

పాత రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశములో గృహములకు, అలంకరణకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు వేసిన రంగులకు, పరిశ్రమలకు వాడు రంగులకు అది వర్తింపదు. ఇనుప పడవలకు పూయు సింధూరము సీసముతో చేసినదే. మిగిలిన డబ్బాను ఎవరైన ఫైబర్ పడవకు పూసి ఉండవచ్చును. కంటితో చూచి సీసము ఉన్నది లేనిది చెప్పలేము. కాబట్టి ప్రతి పాత రంగులోను అది ఉన్నదనుకొని పని చేయుట క్షేమము. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు, గర్భిణీ స్త్రీలకు మిక్కిలి హాని. తడిపి రుద్దుమని నేను పట్టుపట్టుటకు ఇది ముఖ్య కారణము.

కూలి చేయువాడు మాస్కు అడుగడు. అడిగినచో పని పోవునని భయపడును. అది యజమాని తానుగా కొని ఇవ్వవలసిన వస్తువు. సాయంత్రము లోపల పని కావలెనని తొందరపెట్టినచో అతడు గ్రైండరు కొరకే చూచును. రెండు మూడు దినముల కూలి ఎక్కువ అయినను, పడవ నిలుచును, మనిషి నిలుచును.

రాలిన రంగు, కారిన నీరు

టార్పాలినులో నిలిచిన రంగు నీటిని చెరువులోనికి గాని, పంట కాలువలోనికి గాని త్రోయరాదు. మన కాలువలు, మురుగు కోడులు చివరకు కొల్లేరు చేరును. అక్కడి నుండి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. కొల్లేరు 1999లో వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలో చేరినది. ఆటపాక వద్ద గూడబాతులను చూచుటకు దూరదేశముల నుండి వచ్చుచున్నారు. ఆ పక్షి తిను చేపయు, మనము తిను చేపయు ఒకే నీటివి.

అందుచేత రంగు నీటిని టార్పాలినులోనే ఎండనిచ్చి, అడుగున మిగిలిన మడ్డిని కొంచెము తడిగా ఉండగానే చీపురుతో కూడదీసి, గీకిన పొట్టుతో సహా గట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టవలెను. దానిని తగులబెట్టరాదు. పొలములో పారవేయరాదు. పంచాయతీ లేక పురపాలక సంఘము వారి చెత్త బండికి, లోపల ఉన్నదేమో చెప్పి, విడిగా అప్పగించవలెను.

ఆరబెట్టుట, చిన్న మరమ్మతులు

రుద్దుట ముగిసిన పిమ్మట మంచి నీటితో కడిగి మరల ఆరబెట్టవలెను. పడవ పూర్తిగా ఆరినదో లేదో తెలియుటకు అడుగు చదరము పాలిథిన్ కాగితమును పడవకు పరచి, నాలుగు అంచులను టేపుతో మూసి, ఒక దినము ఎండలో ఉంచవలెను. లోపలి ప్రక్క చెమట పట్టినచో ఇంకను తేమ ఉన్నది. ఆ తేమపై రంగు వేసినచో మరుసటి సంవత్సరము మరల పొక్కులే.

నార కనిపించిన చోట్లకు, సన్నని పగుళ్లకు రంగు వేయుటకు ముందే మరమ్మతు చేయవలెను. పాత ఫైబరుకు పాలియెస్టరు కంటె ఎపాక్సీ జిగురు గట్టిగా పట్టును. పొరలు విడిన చోట్లను నిపుణునికే విడిచిపెట్టండి. రెజిన్‌తో మీరే పని చేయదలచినచో ఒక్క హెచ్చరిక. పాలియెస్టరు రెజిన్‌తో పాటు ఇచ్చు గట్టిపరచు ద్రవమును, కోబాల్టు ద్రవమును ఎన్నడును నేరుగా కలుపరాదు. అట్లు కలిపినచో మంట లేచును, ప్రేలును. మొదట కోబాల్టును రెజిన్‌లో బాగుగా కలిపి, ఆ తరువాతనే రెండవ దానిని చేర్చవలెను.

తరువాత ఎపాక్సీ ప్రైమరు, దానిపై రంగు పలుచగా రెండు పూతలు వేయవలెను. రోహిణీ కార్తె ఎండలో మిట్టమధ్యాహ్నము వేయక, ఉదయము మంచు ఆరిన పిమ్మట నీడలో వేయవలెను. డబ్బా మీద చెప్పిన వ్యవధి ప్రతి పూతకును ఇవ్వవలెను. సముద్రపు పడవలకు పూయు విషపు రంగులు చేపల చెరువులో దింపు పడవకు పనికిరావు.

పడవను మరల పనిలో పెట్టుటకు ముందు మోకాలి లోతు నీటిలో దింపి, మీరు రోజు వేయు బరువునకు సరిపోవు ఇసుక బస్తాలను వేసి, ఒక రాత్రి ఉంచి చూడండి. ఉదయమునకు లోపల పొడిగా ఉన్నచో మనిషిని ఎక్కించవచ్చును. నేను చెప్పిన ఆ పడవకు ఈ చిన్న పరీక్ష చేసి ఉన్నచో, ఈత రాని ఆ మనిషి వెదురు గడను పట్టుకొని వ్రేలాడవలసిన అవసరము వచ్చియుండెడిది కాదు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

1. పాత రంగు గట్టిగా ఉన్నచో తీయవద్దు. టేపుతో పరీక్షించండి.

2. ముందు కడుగుట, తరువాత గీకుట, చివరకు రుద్దుట. ఈ వరుస తప్పరాదు.

3. మంట, కాస్టిక్ సోడా, గ్రైండరు ఫైబర్ పడవకు శత్రువులు.

4. తడిపి చేతితో రుద్దండి. జెల్‌కోటు రంగు నీరు రాగానే ఆపండి.

5. నీరు ఉన్న చోట విద్యుత్తు మిషను వద్దు.

6. పనివానికి మాస్కు, అద్దములు యజమానియే ఇవ్వవలెను.

7. రంగు మడ్డి చెరువులోనికి గాని, కాలువలోనికి గాని పోరాదు.

8. బరువు వేసి ఒక రాత్రి పరీక్షించిన పిమ్మటనే మనిషి ఎక్కవలెను.

రైతు సోదరులారా! ఈ వేసవిలో మీ పడవను బోర్లించినప్పుడు, రేకు పట్టుటకు ముందు ఒకసారి దాని అడుగును చేతితో తట్టి, చెవి ఒగ్గి వినండి. అది మీకు చెప్పవలసినది చెప్పును. విన్న తరువాతనే పని ప్రారంభించండి.